సైన్సు సందేహాలు: ముందు ఏమున్నాయి, తర్వాత ఏమున్నాయి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: రసాయన చర్యను ఎలా గుర్తుపట్టాలి, సమీకరణాన్ని ఎలా తుల్యం చేయాలి, అంటే రెండు వైపులా పరమాణువుల లెక్క ఎలా సరిపెట్టాలి. మొదటిది చిన్న తరగతిలో, రెండోది పెద్ద తరగతిలో వస్తుంది కాబట్టి పిల్లలు వీటిని రెండు వేరు పాఠాలనుకుంటారు. గుంటూరు జిల్లా పరిషత్ బళ్ళలో ఫిజికల్ సైన్స్ చెప్పినన్నాళ్ళూ నేను వీటిని కలిపే చెప్పాను. రెండింటిలోనూ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ముందు ఏమున్నాయి, తర్వాత ఏమున్నాయి? ఈ ప్రశ్న వదిలేసి అంకెల దగ్గర మొదలుపెట్టిన పిల్లలకే సమీకరణాలంటే భయం పట్టుకుంటుంది.

*టీచర్ గారూ, మా నాన్న సున్నం బట్టీలో పనిచేస్తారు. కాల్చిన రాయి మీద నీళ్ళు పోస్తే నిప్పు లేకుండానే కుతకుతా ఉడుకుతుంది. కాల్చాక రాయి బాగా తేలికవుతుందని కూడా నాన్న అంటారు. ఇవి రసాయన చర్యలేనా? ఆ బరువు ఎక్కడికి పోతుంది?*
*— ఎనిమిదో తరగతి విద్యార్థిని, పిడుగురాళ్ళ*

అమ్మా, నీ ఉత్తరం చదివి నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. పాఠ్యపుస్తకంలో నాలుగు పేజీలుండే సంగతి మీ ఊళ్ళో రోజూ కళ్ళ ముందే జరుగుతోంది. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కిన రాయి కూడా పల్నాటి సున్నపురాయే.

సున్నపురాయి అంటే కాల్షియం కార్బనేట్. బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలేసరికి అది రెండుగా విడిపోతుంది. ఒకటి కాల్షియం ఆక్సైడ్, అంటే పొడి సున్నం. రెండోది కార్బన్ డయాక్సైడ్. ఇది వాయువు కాబట్టి బట్టీ పైనుంచి గాలిలో కలిసిపోతుంది. మీ నాన్నగారు చెప్పిన తేలికదనం ఇదే. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు పూర్తిగా కాలిస్తే 56 కిలోల పొడి సున్నం మిగులుతుంది. 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది. 56, 44 కలిపితే మళ్ళీ వందే. బరువు మాయం కాలేదు, మనం పట్టి తూచలేని రూపంలోకి మారింది. బట్టీ దగ్గర దొరికే రాయిలో మట్టీ ఇతర మలినాలూ ఉంటాయి కనుక లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు నీళ్ళు పోసే పని చూద్దాం. ఆ 56 కిలోల సున్నం 18 కిలోల నీటిని తనలో కలుపుకొని 74 కిలోల కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. మనం తడి సున్నం అనేది ఇదే. ఈ కలయికలో వేడి పుడుతుంది. పోసిన నీళ్ళలో కొన్ని ఆవిరై పోయేంత వేడి. అందుకే నిప్పు లేకుండా ఉడికినట్టు కనిపిస్తుంది. నీ పుస్తకంలో దీన్నే ఉష్ణమోచక చర్య అంటారు.

ఇక గోడకు వెల్ల వేశాక జరిగేది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. వేసిన రోజు గోడ మసకగా ఉంటుంది. రెండు మూడు రోజులకు తెల్లగా మెరుపు తేలుతుంది. తడి ఆరినందువల్లే అనుకుంటారు అందరూ. ఆరడం ఒక్కటే కాదు. గోడ మీది కాల్షియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకొని మళ్ళీ కాల్షియం కార్బనేట్ అవుతుంది. 74 కిలోల తడి సున్నం 44 కిలోల వాయువును తీసుకుంటే 100 కిలోల కాల్షియం కార్బనేట్, 18 కిలోల నీరు వస్తాయి. బట్టీలో పోయిన 44, నువ్వు పోసిన 18 ఎక్కడ తేలాయో చూశావా? బట్టీలో వేసిన రాయే పొరగా మారి మీ గోడ మీదికి చేరింది.

ఈ మూడు మెట్లనూ మీ నాన్నగారికి చదివి వినిపించు. తర్వాత నోట్సులో మూడు వరుసల్లో ముందు మాటల్లోనే రాయి: ఏమేం కలిశాయి, ఏమేం వచ్చాయి. ఫార్ములాలు ఆ తర్వాత. ఒక్క జాగ్రత్త. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. తమలపాకుల్లోకి వాడే చిన్న సున్నం పొట్లాలను పిల్లలు నొక్కి ఆడుతుంటే పగిలి కంట్లో చిమ్మిన ప్రమాదాలు మన దేశంలో ఎన్నో జరిగాయి. పడితే నలపకుండా వెంటనే ధారగా నీళ్ళు పోస్తూ కడుగుతూ ఆసుపత్రికి వెళ్ళాలి. బట్టీ దగ్గర నీళ్ళు పోసే చోటుకు నువ్వు వెళ్ళకు, దూరం నుంచి చూడు.

*మేడమ్, రంగు మారడం, వాయువు రావడం, వేడి లేదా చల్లదనం, అవక్షేపం (కరగకుండా అడుగుకు దిగే పదార్థం), వాసన: ఇవి రసాయన మార్పుకు గుర్తులని నేర్చుకున్నాను. పరీక్షలో "యూరియాను నీళ్ళలో కలిపితే చల్లబడుతుంది, ఇది ఏ మార్పు?" అని అడిగితే రసాయన మార్పు అని రాశాను. మార్కు ఇవ్వలేదు. గుర్తు ఉంది కదా, మరి తప్పెలా అయింది?*
*— ఏడో తరగతి విద్యార్థి, కరీంనగర్ జిల్లా*

బాబూ, నువ్వు నేర్చుకున్నవి గుర్తులే. గుర్తు కనపడితే అనుమానించాలి. రుజువు అనేది వేరు. రుజువు ఏమిటంటే, ముందు లేని కొత్త పదార్థం ఒకటి అక్కడ ఉండాలి.

యూరియా కలిపిన బకెట్టు చల్లబడటం పొలం పని చేసే ప్రతివాళ్ళకూ తెలుసు. యూరియా గింజ కరిగేటప్పుడు చుట్టూ ఉన్న నీటి నుంచి వేడిని తీసుకుంటుంది. కానీ నీళ్ళను నెమ్మదిగా ఆరనిస్తే అడుగున మిగిలేది యూరియానే. ముందూ యూరియా, నీళ్ళు. తర్వాతా యూరియా, నీళ్ళు. అందుకే అది భౌతిక మార్పు.

వాయువు సంగతీ అంతే. గోలీసోడా కొడితే బుస్సుమని గ్యాసు వస్తుంది. ఆ కార్బన్ డయాక్సైడ్‌ను ఫ్యాక్టరీలో ఒత్తిడి పెట్టి నీళ్ళలోకి ఎక్కించారు. గోలీ లోపలికి జారగానే ఒత్తిడి తగ్గి అది బయటికొస్తోంది. వంట సోడా మీద నిమ్మరసం పిండినా అదే గ్యాసు వస్తుంది. కానీ ఇక్కడ ఆ గ్యాసు ముందు ఎక్కడా లేదు, నిమ్మలోని ఆమ్లం, సోడా కలిసి అప్పటికప్పుడు తయారైంది. ఇది రసాయన చర్య. సున్నపు తేటలోకి పంపితే రెండు గ్యాసులూ తేటను పాలలా చేస్తాయి. ఆ పరీక్ష వచ్చింది ఏ వాయువో చెబుతుంది, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. అది మనమే ఆలోచించుకోవాలి.

కర్పూరం ఇంకా మంచి ఉదాహరణ. డబ్బా మూత సరిగా పెట్టకపోతే కర్పూరం బిళ్ళ రోజురోజుకూ చిక్కిపోతుంది. ఘన రూపం నుంచి నేరుగా ఆవిరవుతోంది, అది కర్పూరంగానే గాలిలో ఉంది, వాసన కూడా కర్పూరానిదే. భౌతిక మార్పు. అదే బిళ్ళను వెలిగిస్తే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, కొంత మసి వస్తాయి. కర్పూరం మిగలదు. రెండు సందర్భాల్లోనూ పళ్ళెం ఖాళీయే, జరిగింది మాత్రం వేరు.

ఇంకో మాట కూడా సరిచేయాలి. "రసాయన మార్పు వెనక్కి రాదు" అని కొన్ని గైడ్లలో అచ్చేస్తారు. పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేస్తాం కదా, దిష్టి తీయడానికి. ఆ ఎర్రనీళ్ళలో కొంచెం విడిగా తీసుకొని నిమ్మరసం పిండి చూడు. మళ్ళీ పసుపు రంగుకొస్తుంది. సున్నం పసుపులోని కర్క్యుమిన్ అణువు నుంచి హైడ్రోజన్‌ను లాగేస్తే ఎరుపు వచ్చింది, నిమ్మలోని ఆమ్లం హైడ్రోజన్‌ను తిరిగి ఇచ్చింది. రెండూ రసాయన చర్యలే, వెనక్కి కూడా వచ్చింది. అటు చూస్తే చింపిన కాయితం వెనక్కి రాదు, అయినా అది భౌతిక మార్పే. కనుక వెనక్కి రావడం, రాకపోవడం పట్టుకొని జవాబు రాయకు.

మీ టీచర్ మార్కు ఇవ్వకపోవడం సబబే. కానీ గుర్తులు మాత్రమే బట్టీ పట్టించి, కొత్త పదార్థం మాట చెప్పకుండా వదిలేస్తే పిల్లలు ఇలాగే రాస్తారు. ఆ లోటు నీది కాదు.

*మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సమీకరణం తుల్యం చేయమంటే అంకెలు మార్చి మార్చి కాయితం నింపేస్తాడు. కుదరకపోతే ఫార్ములా లోపలి అంకెనే మార్చేస్తాడు. నేను బీకాం చదివాను, చెప్పడం రావడం లేదు. తేలిక దారి ఉందా?*
*— ఒక తల్లి, బెంగళూరు*

ఉందమ్మా. బీకాం చదివిన మీకు ఇది బాగా అర్థమవుతుంది కూడా, రెండు పక్కలా సరిపోవాల్సిన లెక్కే కనుక.

మొదట ఆ లోపలి అంకె సంగతి. నీటి ఫార్ములా హెచ్₂ఓ. కింద ఉన్న చిన్న 2 నీటి అణువు కట్టుబడిని చెబుతుంది. ఆక్సిజన్ చాలలేదని హెచ్₂ఓ₂ అని రాస్తే లెక్క కుదరొచ్చు, కానీ అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. ఆసుపత్రుల్లో పుండ్లు కడగడానికి పలచన చేసి వాడే మందు అది. నీళ్ళు చాలకపోతే ఇంకో బిందె తెచ్చుకుంటాం గానీ బిందెలో నీళ్ళు పారబోసి వేరేదేదో నింపుకోం కదా. ఆ ఇంకో బిందె లాంటిదే ఫార్ములా ముందు వేసే గుణకం. మీ అబ్బాయి మార్చవలసింది ఆ గుణకాన్నే. ఫార్ములాలు రాసిన వెంటనే ఒక్కొక్క దాని చుట్టూ పెన్సిలుతో గడి గీయమనండి. గడి లోపల చెయ్యి పెట్టకూడదు. నా తరగతిలో ఈ గడుల అలవాటు వచ్చాక ఆ పొరపాటు దాదాపు కనపడేది కాదు.

ఇప్పుడు మీ వంటింటి గ్యాసునే తీసుకుందాం. సిలిండర్‌లో ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ ఉంటాయి. ప్రొపేన్ మండితే:

సీ₃హెచ్₈ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ

ఎడమ పక్క కార్బన్ 3. కుడి పక్క కార్బన్ ఉన్నది సీఓ₂లో ఒక్కదానిలోనే, కాబట్టి దాని ముందు 3. ఎడమ పక్క హైడ్రోజన్ 8. నీటి అణువులో రెండేసి కనుక నీటి ముందు 4. ఇప్పుడు కుడి పక్క ఆక్సిజన్ లెక్కించండి: సీఓ₂ల్లో 6, నీటిలో 4, మొత్తం 10. ఎడమ పక్క ఓ₂లో రెండేసి కనుక 5 కావాలి.

సీ₃హెచ్₈ + 5ఓ₂ → 3సీఓ₂ + 4హెచ్₂ఓ

కార్బన్, హైడ్రోజన్ అయ్యాక ఆక్సిజన్‌ను చివరికి ఎందుకు వదిలామో అబ్బాయి చేత చెప్పించండి. ఎడమ పక్క ఆక్సిజన్ ఒంటరిగా ఉంది. దాని ముందు ఏ అంకె వేసినా ఇంకే మూలకం లెక్కా చెదరదు. మొదటే దాన్ని పట్టుకుంటే కార్బన్ సరిచేసినప్పుడల్లా మళ్ళీ మొదటికి రావాలి. అన్నిటికన్నా పెద్ద ఫార్ములాతో మొదలుపెట్టాలి, ఒంటరిగా ఉన్న మూలకాన్ని చివర చూడాలి. కాయితాలు నింపే పని దీనితో చాలావరకు తప్పుతుంది.

అబ్బాయికి ఇది వచ్చాక కర్పూరం ఇవ్వండి. కర్పూరం ఫార్ములా సీ₁₀హెచ్₁₆ఓ. పూర్తిగా మండిందనుకుంటే వచ్చేవి అవే రెండు. కార్బన్‌కు 10సీఓ₂, హైడ్రోజన్‌కు 8హెచ్₂ఓ. కుడి పక్క ఆక్సిజన్ 20, 8 కలిపి 28. ఇక్కడే పిల్లలు తొందరపడి ఎడమ పక్క 14 వేస్తారు. కర్పూరంలోనే ఒక ఆక్సిజన్ ఉంది, దాన్ని తీసేస్తే గాలి నుంచి రావాల్సింది 27. బేసి సంఖ్య! ఓ₂కు పదమూడున్నర గుణకం వస్తుంది. కంగారేమీ లేదు, అన్ని గుణకాలనూ రెట్టింపు చేయాలి.

2సీ₁₀హెచ్₁₆ఓ + 27ఓ₂ → 20సీఓ₂ + 16హెచ్₂ఓ

సరిచూడండి. కార్బన్ అటూ ఇటూ 20. హైడ్రోజన్ అటూ ఇటూ 32. ఆక్సిజన్ ఎడమ 2, 54 కలిపి 56. కుడి 40, 16 కలిపి 56. ఇలా చివర లెక్కించి చూడని సమీకరణానికి నేను పూర్తి మార్కు ఇచ్చేదాన్ని కాదు. ఈ ఒక్క లెక్క సొంతంగా చేసిన పిల్లవాడు పదో తరగతి సమీకరణాలకు జంకడు.

*సమీకరణంలో బాణం బదులు సమానం గుర్తు పెట్టొచ్చా?*
*— అనకాపల్లి*

పాత పుస్తకాల్లో సమానం గుర్తే ఉండేది. పరమాణువుల లెక్క వరకు సమానమే. కానీ పదార్థాలు సమానం కావు, కాలిన గ్యాసును మళ్ళీ పొయ్యి మీద వెలిగించలేం. మార్పు ఏ వైపు నడిచిందో చెప్పడానికి బాణమే మంచిది. పరీక్షలో బాణమే వేయండి.

*నేను ఏజెన్సీ ప్రాంతంలో ఒక బడిలో పనిచేస్తున్నాను. ల్యాబ్ లేదు. రసాయనాలు కొనడానికి డబ్బు కూడా తక్కువ. ద్రవ్యనిత్యత్వ నియమం, స్థానభ్రంశం పిల్లలకు చూపించి చెప్పాలని ఉంది. ఏం చేయవచ్చు?*
*— ఒక ఉపాధ్యాయుడు, భద్రాచలం వైపు నుంచి*

మాస్టారూ, చూపించి చెప్పాలన్న మీ పట్టుదలకు నమస్కారం. మీకు కావలసినవి కిరాణా కొట్లోనూ ఎరువుల కొట్లోనూ దొరుకుతాయి.

ద్రవ్యనిత్యత్వానికి, అంటే చర్యకు ముందూ తర్వాతా మొత్తం బరువు మారదని చూపడానికి, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా, అరగ్లాసు వినెగర్, రెండు గ్రాముల వంట సోడా, గ్రాములో పదో వంతు చూపే చిన్న తూకం చాలు. సోడాను పల్చటి కాయితంలో పొట్లం కట్టి సీసాలో వేసి, వెంటనే మూత గట్టిగా బిగించి తూచండి. తర్వాత ఊపండి. బుడగలన్నీ ఆగాక మళ్ళీ తూస్తే అదే బరువు. ఇప్పుడు మూత తీస్తే బుస్సుమంటుంది. సీసా, మూత కలిపి మళ్ళీ తూస్తే అరగ్రాముకు పైగా తగ్గుతుంది. గాజు సీసా వద్దు, సోడా ఎక్కువ వేయవద్దు.

ఈ ప్రయోగాన్ని చాలామంది సీసా మూతికి బెలూన్ కట్టి చేస్తారు. అలా చేయకండి. బెలూన్ ఉబ్బితే అది పక్కకు నెట్టిన గాలి దాన్ని కొంచెం పైకి ఎత్తుతుంది. లీటరుకు సుమారు 1.2 గ్రాములు తూకంలో తగ్గినట్టు కనిపిస్తుంది. నియమం నిజమని చూపించబోయి తప్పని చూపించినట్టవుతుంది. పిల్లలు తమ కళ్ళనే నమ్ముతారు, నమ్మాలి కూడా.

తూచాక ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవాయిజర్ కథ చెప్పండి. 1774లో ఆయన తగరాన్ని మూసిన గాజు పాత్రలో వేడిచేశాడు. లోపల తగరం బూడిదలా మారింది, మొత్తం బరువు మారలేదు. మూత తెరవగానే గాలి లోపలికి దూసుకుపోయింది, అప్పుడు బరువు పెరిగింది. మీ పిల్లల సీసాలో గ్యాసు బయటికి పోయింది, ఆయన పాత్రలో గాలి లోపలికి వచ్చింది. రెండింటికీ తేడా ఏమిటో వాళ్ళనే అడగండి. ఒక్క పీరియడ్ దీనికే వదిలేసినా నష్టం లేదు.

స్థానభ్రంశానికి మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. గరుకు కాయితంతో రుద్దిన ఇనుప మేకును దాని నీలం ద్రావణంలో ఓ అరగంట ఉంచితే మేకు మీద ఎర్రని రాగి పూత వస్తుంది, నీలం క్రమంగా పలచబడి లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. ఇనుము ద్రావణంలోకి వెళ్ళి రాగిని బయటికి తోసింది. తర్వాత దీనికి తిరగేసినది చేయించండి. అన్నభేది ద్రావణంలో, అంటే ఫెర్రస్ సల్ఫేట్‌లో, రాగి తీగ వేయండి. ఏమీ జరగదు. కాయితం మీద మాత్రం రాగి, ఫెర్రస్ సల్ఫేట్ కలిసి ఇనుము, కాపర్ సల్ఫేట్ అవుతాయని రాస్తే పరమాణువులన్నీ చక్కగా సరిపోతాయి. సమీకరణం తుల్యమైనంత మాత్రాన ఆ చర్య జరుగుతుందని కాదు. పెద్ద తరగతుల పిల్లలు కూడా చాలామంది ఈ సంగతి గ్రహించకుండానే బడి దాటిపోతారు. నన్నడిగితే వంద సమీకరణాల అభ్యాసం కన్నా ఈ రాగి తీగ ముఖ్యం.

మీ పిల్లల ఇళ్ళలో నిమ్మ, బత్తాయి తోటలుంటే చెట్ల తెగుళ్ళకు వాడే బోర్డో మిశ్రమం గురించి అడగండి. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు. రైతులు ఇనుప పాత్రలో కలపరు. కలిపాక మెరిసే చాకును ముంచి చూస్తారు. చాకు ఎర్రబడితే ఇంకొంచెం సున్నం వేస్తారు. సున్నం చాలినప్పుడు రాగి అంతా కాపర్ హైడ్రాక్సైడ్ అవక్షేపంగా మారిపోయి ఉంటుంది, చాకు మీదికి ఎక్కడానికి ద్రావణంలో మిగలదు. చాలకపోతే ఇందాకటి మేకు ప్రయోగమే చాకు మీద జరుగుతుంది. ఈ చాకు పరీక్ష ఎందుకు పనిచేస్తుందో మీ పిల్లవాడు ఇంటికెళ్ళి నాన్నకు వివరించగలిగితే స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం (రెండు పదార్థాలు తమ భాగాలను ఇచ్చిపుచ్చుకోవడం) రెండూ వచ్చినట్టే.

మైలుతుత్తం విషం. పిల్లల చేతికి పొడి ఇవ్వకండి, ద్రావణం మీరే కలపండి, తిండి పాత్రలు వాడకండి, చేతులు కడిగించండి. మిగిలిన నీలం నీళ్ళను వాగులో, చెరువులో పోయకండి, చేపలు చస్తాయి. అందులో తడి సున్నం కలిపి నీలం అంతా అడుగుకు దిగాక, పైతేటను బావికీ కాలవకూ దూరంగా పోసి, అడుగున మిగిలిన ముద్దను ఆరబెట్టి మూత ఉన్న డబ్బాలో పిల్లలకు అందకుండా దాచండి. బాత్‌రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ మీ బడిలో ఉండే ఉంటాయి. వాటిని ఎన్నడూ ఒక గదిలో పక్కపక్కన ఉంచవద్దు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఆయాకూ వాచ్‌మన్‌కూ కూడా ఈ మాట ఈ వారమే చెప్పండి.